నాలుగో ఇంటి దగ్గర ఆలస్యం

విదియ, పొద్దుటి పోటు

ఫిర్యాదు పుచ్చుకోవాలంటే ముందు చిట్టా ఉండాలని నీళ్ళ ఓడ వారి నియమం. ఏ పూట నీళ్ళు రాలేదు, రూటరు ఏమన్నది, ఇంట్లోవాళ్ళు ఏమన్నారు, అన్నీ రాసి పంపాలట. ఇంట్లోవాళ్ళు అన్నదంతా రాస్తే ఓడలో కాగితాలు పెట్టడానికి చోటు చాలదు. కాబట్టి కొంతే రాస్తాను.

ఇల్లు: పడమటి వరుసలో రెండోది. ఇంటివారు: నేను, త్రిపుర, మావారు సత్తిరాజు గారు. వృత్తి అన్నచోట ఆయనకు పడవల మరమ్మతు అనీ, నాకు 'ఏమీ లేదు' అనీ ఓడవారే ముందుగా అచ్చు వేయించి పంపారు. ఏమీ లేని ఆ పనిలో భాగంగానే ఈ చిట్టా రాస్తున్నాను.

మా వరుసలో ఎనిమిది తేలే ఇళ్ళు. ఒకదానికొకటి తాళ్ళతో కట్టి, మధ్యలో నడవడానికి బల్లలు వేశారు. మా ఇంటి అడుగున ఒకప్పుడు బస్టాండు ఉండేదని మా మామగారు చెప్పేవారు. సముద్రం వచ్చి అన్నీ మార్చింది కానీ ఆ చోటు గుణం మార్చలేకపోయింది. ఇప్పటికీ ఇక్కడికి ఏదీ వేళకు రాదు.

ఇవాళ రానివి మంచినీళ్ళు. ఎనిమిదో ఇంటి అవతల లంగరు వేసుకున్న ఓడ సముద్రాన్ని కాచి మంచినీళ్ళు చేస్తుంది. తొట్టి నిండుకోగానే మా రూటరు ఆ కబురు పక్కింటి రూటరుకు అందిస్తుంది. అది తన పక్కింటికి. అలా మూడు, నాలుగు, ఐదు ఇళ్ళ చేతులు మారి కబురు ఓడకు చేరుతుంది. ఓడ వెంటనే "ఇంట్లో ఉన్నారా?" అని అడుగుతుంది. ఈ అడగడం, మేము "ఉన్నాం" అనడం, అంతా ఐదు చిటికెల్లో ముగియాలి. లేకపోతే ఇల్లు ఖాళీ అనుకుని ఆ పూటకు మన కుళాయి తెరవదు.

మేము ఉన్నాం. గొంతెండిపోయి మరీ ఉన్నాం. మూడు, నాలుగు వారాలుగా పొద్దుటి పూట ఇదే తంతు. సాయంత్రం మాత్రం వస్తాయి.

"ఓడలో నీళ్ళైపోయుంటాయే," అన్నారు మావారు.

"ఐపోతే నాలుగో ఇంటి కుళాయి ఎలా పొంగుతోందండీ? ఐదోదీ, ఆరోదీ కూడా. మొదటి మూడిళ్ళకే కదా ఈ భాగ్యం."

"అయితే మనకి రాకముందే వాళ్ళకి ఐపోతాయేమో."

ఆయన అన్నదాంట్లో రాయదగినది ఇదొక్కటే దొరికింది. అదీ అర్థం కాలేదు.

తదియ, పొద్దుటి పోటు

రూటరు ముందు నిలబడి "ఓడకు దారి చెప్పు" అన్నాను. దీన్నే ట్రేసు తీయడమంటారు. కబురు ఏయే ఇళ్ళ మీదుగా పోతుందో రూటరు వరసగా పలకరించి, ఒక్కో ఇంటి నుంచి బదులు రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది.

"మూడో ఇల్లు, ఒక చిటిక. నాలుగో ఇల్లు, పది చిటికెలు. ఐదో ఇల్లు, పది. ఆరో ఇల్లు పలకలేదు. ఏడో ఇల్లు, పది. ఎనిమిదో ఇల్లు, పది. ఓడ, పది."

ఈ సంగతి మూడో ఇంటి అచ్యుతరామయ్య గారికి చెప్పాను. ఆయన మా వరుస సంఘానికి అధ్యక్షులు. నీళ్ళు రాని మూడిళ్ళలో ఆయనదీ ఒకటి కనుక, ఈసారి సమస్య నిజంగానే ఉందని ఒప్పుకున్నారు.

"ఆరో ఇల్లు పలకలేదా? అయితే దొంగ ఆయనే!" అని బల్లల మీదుగా చరచరా వెళ్ళారు. ఆరో ఇంట్లో ఉండేది ఉద్యోగం విరమించిన తాసీల్దారు గారు. నేనూ వెనకే వెళ్ళాను. వినోదం ఊరికే వస్తుంటే వదులుకోకూడదు.

"మీ పెట్టె పలకట్లేదేంటండీ?"

"ముక్కూ మొహం తెలీనోళ్ళు పలకరిస్తే బదులు చెప్పొద్దని నేనే చెప్పేను," అన్నారు తాసీల్దారు గారు పేపరు దించకుండా. "చేతికిచ్చిన కబురు అవతలకి అందిస్తద్ది. నువ్వెవరు, ఎంతసేపైంది అంటే మాత్రం చెప్పదు. నేను నౌకరీలో ఉన్నన్నాళ్ళూ అలాగే పనిచేసేను."

అచ్యుతరామయ్య గారు కాసేపు ఆలోచించారు. ఆరో ఇంటి అవతల ఇళ్ళు పలుకుతున్నాయంటే ఆరో ఇల్లు కబురు ఆపడం లేదన్నమాటే. ఆ సంగతి ఆయనకు తట్టింది. ఆ తరవాత, ఒక చిటికలో వస్తున్న బదులు పది చిటికెలైంది ఎక్కడా అన్నది కూడా తట్టింది. అది తట్టకపోయినా బాగుండేది.

"నాలుగో ఇల్లు," అన్నారు.

చవితి, ఆటు మీద

నాలుగో ఇంట్లో నూకరత్నం గారు ఒక్కరే ఉంటారు. ఆమె భర్త తాతబ్బాయి గారు పోయిన నెల గుండె ఆగి పోయారు. మా వరుసలో ఇళ్ళను కట్టిన తాళ్ళలో ఆయన చేయి పడని ముడి లేదు. పెద్దకర్మ అయిపోయింది. అయినా ఏటి సూతకం ఉన్న ఇల్లు కదా అని మా వరుసలో ఎవరూ ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టడం లేదు. ఇవ్వవచ్చు, తీసుకోకూడదు. మొదట్లో అందరం ఏదో ఒకటి వండి పంపాం. ఇప్పుడు అదీ మానేశాం.

ఇవాళ అచ్యుతరామయ్య గారి వసారాలో సంఘం సమావేశం. పకోడీలు వేశారు. నీళ్ళు లేవు కనుక నూనెతో అయ్యే వంట ఎంచుకున్నారనుకుంటాను.

"తాతబ్బాయి పోయిన్నాటి నించేగా ఈ దరిద్రం," అన్నారు అచ్యుతరామయ్య గారి తల్లి శేషమ్మ మామ్మగారు. "ఆ ఇంటి మీదుగా వచ్చేది ఏదైనా అంతే. నేను ముందే చెప్పేను. నా మాటెవరు వింటారు?"

"ఆవిడ పెట్టె మన కబుర్లు పట్టుకు కూర్చుంటోంది," అన్నారు ఐదో ఇంటాయన. ఆయనకు నీళ్ళు రెండు పూటలా వస్తున్నాయి. అయినా అన్యాయం చూసి ఊరుకోలేని మనిషి.

"మనకి బదులు ఆలస్యమైతే మన వంతు ఆవిడకే పోద్దంట!"

"అంటే కావాలనే చేస్తోందంటారా?"

"మొగుడు పోయిన మనిషికి ఇన్ని నీళ్ళెందుకండీ?"

సూతకం మనిషి సభకు రాకూడదు కనుక నూకరత్నం గారిని పిలవలేదు. పిలవలేదు కనుక ఆమె రాలేదు. రాలేదు కనుక ఆమె తరఫున ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడలేదు కనుక తీర్మానం ఏకగ్రీవం: పున్నమి పోటుకు నాలుగో ఇంటి తాళ్ళు విప్పి, ఆ ఇంటిని అడ్డుగోడ అవతలకు తరలించి, మూడో ఇంటినీ ఐదో ఇంటినీ దగ్గరికి లాగి కట్టాలి.

అడ్డుగోడ అవతల విడి ఇళ్ళుంటాయి. అక్కడికి నీళ్ళ గొట్టం పోదు. అల ఆగదు. గాలివానకు తాడు తెగితే ఇల్లు ఏ దిక్కుకు పోయిందో తెల్లారాక వెతుక్కోవాలి. తాడు పట్టడానికి ఇంట్లో ఇద్దరు ముగ్గురు లేనివాళ్ళు అక్కడ ఒక వానాకాలం గడిపినట్టు నేను వినలేదు.

నేను కూడా ఏమీ అనలేదు. నోట్లో పకోడీ ఉంది. చిట్టాలో నిజమే రాయాలన్నారు కనుక రాస్తున్నాను: పకోడీలు బాగున్నాయి.

షష్ఠి, మధ్యాహ్నం

ఓడ నుంచి ప్రిస్కిల్ల వచ్చింది. రూటర్లు చూసే అమ్మాయి. నా చిట్టా చదివి మెచ్చుకుంది. చదివేవాళ్ళుంటారని నేను అనుకోలేదు.

సాయంత్రం ట్రేసులో నాలుగో ఇంటి దగ్గర్నుంచి అన్నీ నాలుగు చిటికెలే ఉంటున్నాయని కూడా రాశాను. అది చూసి, "పొద్దుట చేపల మార్కెట్టులో బేరాల కబుర్లు ఎక్కువ. సాయంత్రం ఉండవు," అని తనలో తాను గొణుక్కుంది.

"మార్కెట్టు ఎక్కడో తూర్పున. దానికీ మాకూ ఏంటమ్మా?"

"అదే ఆంటీ, నాకూ తెలీట్లేదు."

ఇంతలో అచ్యుతరామయ్య గారు సంఘంవాళ్ళను వెంటబెట్టుకుని మా వసారాలోకి వచ్చారు. "ఏముందమ్మాయ్ తెలీకపోడానికి? నాలుగో ఇంటి దగ్గర ఆలస్యమని పెట్టే చెబుతోంది."

"ఆ ఇంటి దగ్గర ఆలస్యమని చెప్పట్లేదండీ. ఆ ఇంటి నుంచి మీకు బదులు రావడానికి ఆలస్యమని చెబుతోంది. ట్రేసు వెళ్ళే దారే చెబుద్ది. వచ్చే దారి చెప్పదు."

"వెళ్ళిన దారినే కదా వస్తాం ఎవరమైనా!"

"గుడికెళ్తే అలాగే వస్తారాండీ?"

ఈ మాటకు ఆయన తికమకపడ్డారు. నిజం చెప్పాలంటే నేనూ పడ్డాను. ప్రిస్కిల్ల నా చిట్టాలోని వరుస మీద వేలు పెట్టింది. "ఇది చూడండి. నాలుగో ఇల్లు పది, ఎనిమిదో ఇల్లు పది, ఓడ కూడా పది. దూరం పెరిగినా కాలం పెరగట్లేదు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు మధ్యలో ఎక్కడ ఆగి దణ్ణం పెట్టినా మొత్తం చుట్టు అంతే కదా. కబురు వెనక్కి రావట్లేదు. ఊరంతా చుట్టి ఒకటో ఇంటి వైపు నుంచి వస్తోందని నా అనుమానం."

"అనుమానం," అన్నారు అచ్యుతరామయ్య గారు, ఆ మాటను చెత్తబుట్టలో వేస్తున్నట్టు. "మాది తీర్మానం."

"తేల్చుకోవడం సులువేనండీ. నాలుగో ఇంట్లో నిలబడి ఇటువైపుకి ట్రేసు తీస్తే సరిపోద్ది."

అందరికీ ఒక్కసారే ఏదో పని గుర్తొచ్చింది. వసారా ఖాళీ అయింది.

ప్రిస్కిల్లే వెళ్ళి తలుపు కొట్టింది. నూకరత్నం గారు తీయలేదు. పొద్దున్నే సంఘంవాళ్ళు నలుగురు వచ్చి ఆమె ఇంటి తాళ్ళు లెక్కపెట్టి వెళ్ళారు. ఆ తరవాత తలుపు ఎవరు తీస్తారు? రూటరేమో ఆ ఇంటివాళ్ళ గొంతుకే పలుకుతుంది. బయట నుంచి చేయగలిగింది లేదు. పోటు తిరిగితే ఈ అమ్మాయి పడవ వెళ్ళదు.

"మీరైతే తీస్తారేమో ఆంటీ," అంది పడవ ఎక్కుతూ.

"ఎందుకు తీస్తుందమ్మా? నేనూ ఆ సభలో కూర్చున్నదాన్నే."

"అడగడానికైనా వెళ్ళండి. పున్నమికి నేను రాలేను."

సప్తమి, పొద్దున్న

తలుపు కొట్టాను.

"ఎవరు?"

"నేను, త్రిపురని."

"తాళ్ళు విప్పడానికొచ్చేరా?"

"నాకు ముడి వేయడమే సరిగ్గా రాదు నూకరత్నం గారూ. మీ ఆయన వేసిన ముడి నేనేం విప్పగలను?"

తలుపు తీసింది. మనిషి చిక్కిపోయింది. ఇల్లు మాత్రం అద్దంలా ఉంది. కూర్చోమని చాప వేసి, ఏమీ మాట్లాడకుండా టీ పెట్టి, గ్లాసు నా ముందు పెట్టింది. పెట్టి, పక్కకు తిరిగి కిటికీ తుడవడం మొదలెట్టింది. నేను తాగుతానా లేదా అని చూడకుండా ఉండటానికి ఆమె ఎంచుకున్న పని అది. కిటికీ మీద మరక ఏదీ లేదు.

తాగాను. పంచదార మరీ ఎక్కువైంది. పరామర్శకు నెల ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అంతకన్నా పెద్ద శిక్షే వేయవచ్చు.

సంగతి చెప్పాను. తీర్మానం ఆమెకు ముందే తెలుసు. ఆమె మీద వేసిన దొంగతనం తెలియదు.

"వాళ్ళ నీళ్ళు నేను కాజేస్తన్నానా?" అంది నెమ్మదిగా. "ఆయ్. రోజూ బిందె మిగిలిపోతోంది నాకు. ఇద్దరికి పట్టుకునే అలవాటు ఇంకా పోలేదు."

నేను రూటరు వైపు చూశాను. ఆమె లేచి దాని ముందు నిలబడింది.

"పక్కింటికి దారి చెప్పవే. మూడో ఇంటికి."

ఆ ఇంటి వంటగది కిటికీలోంచి మూడో ఇంటి వంటగది కనిపిస్తుంది. పోపు వేస్తే ఇక్కడ తుమ్ములొస్తాయి. రూటరు మాత్రం తాపీగా మొదలెట్టింది.

"ఐదో ఇల్లు. ఆరో ఇల్లు పలకలేదు. ఏడో ఇల్లు. ఎనిమిదో ఇల్లు. నీళ్ళ ఓడ. చేపల మార్కెట్టు. తూర్పు వరుస, పన్నెండో ఇల్లు..."

తూర్పు వరుసలో ఒక్క ఇల్లూ వదలకుండా చదివింది. తరవాత పడవల షెడ్డు అన్నది. మా వరుస ఒకటో ఇల్లు అన్నది. మా ఇల్లు అన్నది. అప్పుడు, "మూడో ఇల్లు" అని ఆగింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"చెయ్యి చాపితే అందే ఇంటికి ఊరు చుట్టొస్తావేంటే?" అంది నూకరత్నం గారు దాంతో. "ఇటునించి పోలేవా?"

"మూడో ఇల్లు నా దగ్గర పుచ్చుకోదు," అన్నది రూటరు.

"ఎప్పట్నించి?"

"తాతబ్బాయి గారు పోయిన రోజు నుంచి."

ఆమె గుడ్డ మడిచి కిటికీ మీద పెట్టింది. "పెట్టెలకి కూడా తెలిసిపోయిందన్నమాట," అంది.

ఇప్పుడు అంతా తేటతెల్లమైంది. మూడో ఇంటి రూటరు నాలుగో ఇంటికి ఇస్తోంది. కానీ నాలుగో ఇంటి నుంచి ఏదీ తీసుకోవడం లేదు. అందుకే మా కబురు తిన్నగా వెళ్ళి, బదులు మాత్రం మార్కెట్టులో చేపల బేరాల మధ్య నిలబడి, ఊరేగి వస్తోంది. నాలుగో ఇల్లు ఆపినది ఒక్క కబురు కూడా లేదు.

అష్టమి, మధ్యాహ్నం

అచ్యుతరామయ్య గారింటికి వెళ్ళి చెప్పాను. నవ్వారు.

"యంత్రానికి మైలేంటండీ త్రిపుర గారూ! చదువుకున్న ఇల్లు మాది. అలాంటివి ఎవరైనా చెబుతారా పెట్టెకి?"

"అడిగి చూడండి."

అడిగారు. వాళ్ళ రూటరు దేవుడి గూటి పక్కనే గోడకు ఉంటుంది. "నాలుగో ఇంటి నించి నువ్వు తీసుకోవట్లేదా?"

"లేదండీ. పెద్దవారి ఆజ్ఞ. ఆ ఇంటి నుంచి ఏడాది దాకా ఏదీ పుచ్చుకోవద్దన్నారు."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డారు అధ్యక్షులు. వంటింటి గుమ్మంలోంచి మామ్మగారి కోడలు తల బయటపెట్టింది. "అది నాతో అన్నారండీ అత్తయ్యగారు! నూకరత్నం గారు గిన్నె తిరిగిస్తే తీసుకుంటుంటే."

"నీతోనే అన్నాను. నువ్వు విన్నావా?" అన్నారు మామ్మగారు.

కోడలు వినలేదు. గోడ మీది రూటరు విన్నది. పెద్ద కోడలిలా తలవంచి, తు.చ. తప్పకుండా పాటించింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో మామ్మగారి మాట విన్నది అదొక్కటే. పాపం, ఆ సంగతి తెలియక ఆవిడ నా మాటెవరు వింటారని ఊరంతా చెప్పుకుని బాధపడ్డారు.

"అయితే నాలుగో ఇంటి తప్పేమీ లేదు కదండీ. తీర్మానం తీసేయండి," అన్నాను.

అచ్యుతరామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "పెట్టె సంగతి మా ఇంటి సంగతండీ. తీర్మానం వరుస సంగతి. రెండూ కలపకూడదు. పైగా ఏకగ్రీవం. మీరూ ఉన్నారుగా."

ఉన్నాను.

ఆజ్ఞ రద్దు చేయడానికి మామ్మగారు ఒప్పుకున్నారు. ఆవిడకూ పొద్దుటి కాఫీ లేక నెల కావొస్తోంది. ఒక షరతు మాత్రం పెట్టారు. దేవుడి పక్కన ఉండే పెట్టె సూతకపు ఇంటి నుంచి పుచ్చుకోవాలంటే ముందు దానికి శుద్ధి జరగాలి.

నవమి, రాత్రి

శుద్ధి జరిగింది.

పురోహితులు తూర్పు వరుస నుంచి వచ్చారు. ఉప్పునీళ్ళు శుద్ధికి పనికిరావట. అందుకని ఆ ఇంట్లో మిగిలిన ఆఖరి చెంబెడు మంచినీళ్ళలో పసుపు కలిపారు. మావిడాకులు దొరకవు కనుక ప్లాస్టిక్‌వి తెచ్చారు. ముందుగా మామ్మగారు రూటరు ముందు నిలబడి, "ఇకనించి ఆ ఇంటి నించి కూడా పుచ్చుకోవచ్చు" అని ఆజ్ఞ ఇచ్చారు. "చిత్తం" అన్నది రూటరు. అది పలికిన ఆఖరి మాట అదే.

మంత్రం చదువుతూ పురోహితులు ఆ నీళ్ళు పెట్టె మీద మొదటిసారి చల్లారు. దాని దీపాలు ఎర్రబడ్డాయి. రెండోసారి చల్లారు. పెట్టె లోపల ఏదో చిటపటలాడింది.

"దోషం బయటికి పోతోంది," అన్నారు మామ్మగారు కళ్ళు మూసుకుని.

మూడోసారి చల్లేసరికి పొగ వచ్చింది. దోషంతోపాటు రూటరు కూడా పోయింది.

మధ్యాహ్నం మా ఇంట్లో ట్రేసు తీశాను. మధ్యలో ఒక ఇల్లు చచ్చిపోతే పక్క పెట్టెలు గొంతు పెంచుకుని దాని మీదుగా మాట్లాడుకుంటాయి. "నాలుగో ఇల్లు, ఒక చిటిక" అన్నది మాది. నాలుగో ఇంటి నుంచి బదులు తిన్నగా మా ఇంటికే వస్తోంది. కుళాయి విప్పాను. నీళ్ళు వచ్చాయి. మావారు తల తడుపుకుని, "నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాగా" అన్నారు. ఏమి చెబుతున్నారో నేను అడగలేదు.

అచ్యుతరామయ్య గారి కుళాయి మాత్రం రాదు. ఆ ఇంటికిప్పుడు పెట్టే లేదు. ప్రిస్కిల్లకు కబురు పెడితే ఆ అమ్మాయి పంపిన బదులు ఇది: కొత్త రూటరు వచ్చేసరికి మూడు నెలలు పడుతుంది. అంతవరకు ఓడ వైపు పక్కింటివారు ప్రతి పూటా తమ రూటరు ముందు నిలబడి, 'పక్కింట్లో మనుషులున్నారు, నీళ్ళు వదలండి' అని పూచీ పలకాలి. వాళ్ళ పూచీ తప్ప ఇంకెవరిదీ చెల్లదు.

ఓడ వైపు పక్కిల్లు నాలుగోది.

అచ్యుతరామయ్య గారు సాయంత్రమంతా వేరే దారి వెతికినట్టున్నారు. ఐదో ఇంటాయన్ని అడిగితే "నియమం కదండీ" అన్నారట. అన్యాయాన్ని సహించని ఆ మనిషికి నియమాలన్నా అంతే పట్టుదల.

దశమి, పొద్దుటి పోటు

నేను నూకరత్నం గారింట్లో ఉన్నాను. కందిపొడి ఇవ్వడానికి వెళ్ళి, ఆవిడ చేసిన ఉప్మా తింటూ కూర్చున్నాను. బల్ల కిర్రుమంది. తలుపు తెరిచే ఉంది. అచ్యుతరామయ్య గారు గుమ్మానికి అవతలే ఆగారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"అమ్మా నూకరత్నం గారూ, బాగున్నారా?"

"ఆయ్. బాగానే ఉన్నానండి."

"తాతబ్బాయి చాలా మంచోడు."

"ఆయ్. పోయి నెల దాటిందండి."

ఆయన నా వైపు చూశారు. నేను ఉప్మాలో జీడిపప్పు వెతుక్కుంటున్నాను.

"అదే... మా ఇంట్లో పెట్టె పాడైంది. మీరు ఓడవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మేం ఇంట్లో ఉన్నామని. రోజూ రెండు పూటలా. మా అమ్మకి నిన్నట్నించి చుక్క నీళ్ళు లేవు."

"చెప్తానండి. దానికేం భాగ్యం," అంది ఆమె. "కానీ పున్నమి దాకేనండి. తరవాత నేను అడ్డుగోడ అవతల ఉంటాను. అక్కణ్ణించి నా పెట్టె మాట మీ ఓడకి వినబడదు. ఇంతకీ తాళ్ళు విప్పేవాళ్ళు పోటుకి ముందొస్తారా, తరవాతా? గిన్నెలు సర్దుకోవాలి."

"ఎవరమ్మా విప్పమన్నది?"

"మీరేనండి."

"నేనా? అబ్బే! అది... సభలో ఏదో మాటవరసకి..."

"ఏకగ్రీవం అన్నారు కదండీ," అన్నాను నేను. నోట్లో ఉప్మా ఉన్నా మాట స్పష్టంగానే వచ్చింది.

"ఏకగ్రీవమైతే ఏకగ్రీవంగానే తీసేయొచ్చు. ఇవాళే తీసేద్దాం. సాయంత్రం సభ పెడతాను." ఒక్క క్షణం ఆగి, గుటక మింగబోయి మింగలేక, "మీరూ రావాలి నూకరత్నం గారూ," అన్నారు.

"సభ ఇక్కడ పెట్టుకోండి. నేను బజ్జీలేస్తాను," అంది ఆమె. లేచి రూటరు ముందు నిలబడింది. "మూడో ఇంట్లో మనుషులున్నారు. నీళ్ళు వదలండి," అని పలికింది. పక్కింటి వంటగదిలో కుళాయి దగ్గడమూ, కోడలు బిందె కోసం పరిగెత్తడమూ మాకు వినిపించాయి. ఆ వెనకే, ముందు నాకు పట్టమని మామ్మగారి కేక.

అచ్యుతరామయ్య గారు వెనక్కి తిరగబోయారు.

"అలా గుమ్మంలోంచే పోతారేంటండీ? ఎండన పడొచ్చేరు," అంది నూకరత్నం గారు. కుండలోంచి గ్లాసు నిండా ముంచి, అంచు దాకా తొణకకుండా తెచ్చి, ఆయన ముందుకు చాపింది. "మంచినీళ్ళు పుచ్చుకోండి."

ఆయన గ్లాసు వైపు చూశారు. ఇరవై అడుగుల దూరంలో సొంత కుళాయి ధారగా పారుతోంది. ఆమె చెయ్యి దించలేదు. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు.

గడప దాటి లోపలికి వచ్చారు. రెండు చేతులతో గ్లాసు అందుకుని, ఎత్తి పట్టి, గటగటా తాగేశారు. మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు ఆమె చేతికే ఇచ్చారు.

"ఇంకో గ్లాసు ఇయ్యమ్మా," అన్నారు.